కుడిచేతి ముద్ర

తూటా మూతికి అంటించిన అట్టముక్కను ఫకీర్ సాహెబ్ చాకుమొనతో లేపాడు. లోపలి గుండ్లను సత్తుగిన్నెలోకి వంపాడు. గుండ్ల కింది బిరడాను దబ్బనంతో పైకి లాగి, మందు సగానికి సగం కాగితం మీద పోశాడు. మళ్లీ బిరడా దిగ్గొట్టి, గుండ్లు సగమే వేసి, అట్టముక్క పెట్టి, చుట్టూ మైనం రాశాడు. చూడ్డానికి నిండు తూటాయే. చేతిలోకి తీసుకుంటే మాత్రం తేలిక తెలుస్తుంది. తెలిసే చెయ్యి ఆ చుట్టుపక్కల ఇతనిదొక్కటే.

తెల్లవారింది గానీ ఇంకా ఎండ పొడవలేదు. సకీనా పొయ్యి దగ్గర జొన్నరొట్టె తడుతూ అటు చూసింది.

"ఏందది, పొద్దన్నే మందు ముందరేసుకున్యావు? ఈడ నిప్పుండాది."

"ఒక్కటే లే. అయిపాయ," అన్నాడు ఫకీర్ సాహెబ్. కాగితం మీది మందును పొట్లం కట్టి దూలం సందులో పెట్టాడు. తూటాను కోటు కుడిజేబులో వేసుకున్నాడు. పక్కన మామూలు తూటా ఏదీ లేకుండా ఆ జేబును రెండుసార్లు తడుముకున్నాడు.

ఆ కోటు తన యజమాని నారపరెడ్డి ఇంట్లో, వాళ్ల నాయన కాలంలో ఇచ్చింది. ఆరు ఇత్తడి గుండీల్లో మూడు మిగిలాయి. ఫకీర్ సాహెబుకు యాభై ఆరేళ్లుంటాయి. కట్టెపుల్లలాంటి మనిషి. నలభై ఏళ్లుగా తుపాకి మోసిమోసి కుడిభుజం కిందికి జారింది. కుడిచెంప మీద మందుపొడి పడి ఇంకిపోయిన నల్లచుక్కలు ఎన్నో ఉన్నాయి. వాటిని చూసి కొత్తవాళ్లు మశూచి వచ్చి పోయిందనుకుంటారు. ఊళ్లో అందరికీ ఆయన తుపాకిసాయిబే. రెడ్డి ముందు నడుస్తుంటే నాలుగడుగుల వెనక తుపాకి మోయడం, ఇంటికి రాగానే తుడిచి నూనె రాసి పెట్టెలో పడుకోబెట్టడం, ఇదీ ఆయన ఉద్యోగం. లైసెన్సు పుస్తకంలో రెడ్డి పేరు కింద, తుపాకి మోసే మనిషి అని ఆయన పేరు కూడా సర్కారు సిరాతో రాసి ఉంది. చదవడం రాకపోయినా ఆ పేరు ఏ పుటలో, ఎన్నో వరసలో ఉందో చూపించగలడు.

ఆ ఊరు జమ్మలమడుగు నుంచి ముద్దనూరు పోయే దారిలో, పెన్న దాటాక మూడు మైళ్ల దూరంలో ఉన్న నల్లవంకపల్లె. నయాపైసలు కొత్తగా వచ్చిన ఏడాది, ఉగాది వెళ్లిన వారం. ఆ రోజు ప్రొద్దుటూరు నుంచి ఇన్సూరెన్సు ఏజెంటు గంగాధరం వస్తున్నాడు. రెడ్డికి తుపాకి ఇన్సూరు చేయించాలనే బుద్ధి తనంతట తనకు పుట్టింది కాదు. పులివెందులలో ఆయన వియ్యంకుడు తన రెండు తుపాకులకూ మద్రాసు కంపెనీలో ఇన్సూరు చేయించి, ఆ కాగితాన్ని అద్దం కట్టించి నడవలో వేలాడదీశాడు. చూసి వచ్చినప్పటి నుంచి మన రెడ్డికి అన్నం సయించలేదు.

పోయిన పక్షం గంగాధరం ఒకసారి వచ్చి తుపాకి నంబరు రాసుకుపోయాడు. పోతూ పోతూ, గడప బయట చెప్పులు తొడుక్కుంటూ, ఫకీర్ సాహెబుతో ఒక మాట అన్నాడు. "కాగితంలో మూడో గడి ఒకటుండాది సాయిబూ. రెడ్డి దాంట్లో నీ పేరు పెట్టించినాడంటే, తుపాకితో నీకేమన్నా అయితే నీ పెండ్లానికి వెయ్యి రూపాయలు." ఏజెంటు ఆ మాట అక్కడే మరిచిపోయి ఉంటాడు. ఫకీర్ సాహెబు మాత్రం ఆ పక్షం రోజులూ దాన్నే నెమరేసుకుంటూ తిరిగాడు.

సకీనాకు చెబితే మొదట కసిరింది. "నువ్వు పోతే వచ్చే దుడ్లు నాకెందుకు?" రొట్టె రెండోవైపు తిప్పేలోగా మెత్తబడింది. "అయినా, ఇచ్చేదుంటే ఇయ్యమను. పైకప్పు చూడు, ఆకాశం కనపడతాంది." బిడ్డలు లేరు. ఆమెకు మోకాళ్లు పట్టేసి కూలికి పోవడం మానేసి మూడేళ్లయింది. తాను లేని రోజున ఆమె ఏం తిని బతుకుతుందనే ప్రశ్నకు ఫకీర్ సాహెబు దగ్గర నలభై ఏళ్లలో జవాబు దొరకలేదు. ఇప్పుడు మూడో గడి రూపంలో దొరికింది.

భయం కూడా ఉంది, ఉత్తి భయం కాదు. రెండేళ్ల కిందట కౌజుపిట్టల వేటకు పోయి రెడ్డి బండరాళ్ల మీద జారిపడ్డాడు. తుపాకి రాయికి కొట్టుకుని ఎడమగొట్టానికి సొట్ట పడింది. రెడ్డి తన మోకాలు చూసుకున్నాడే గానీ తుపాకిని చూడలేదు. నాయన కొన్న ఇంగ్లీషు తుపాకిని నువ్వే పాడు చేశావని యజమాని ముఖం మీద చెప్పే నోరు ఫకీర్ సాహెబుకు లేదు. చెప్పినా తప్పు తిరిగి తన నెత్తి మీదికే వస్తుందని తెలుసు. నూనె పట్టించే వంకతో ఇంటికి తెచ్చుకుని, గొట్టంలోకి ఇనుపకడ్డీ దించి సొట్టను లోపలినుంచి కొట్టి లేపాడు. పైకి ఉబ్బినంత మేరా ఆకురాయితో అరగదీశాడు. పసరుతో రంగు ఎక్కించాడు. బ్రహ్మ కూడా కనిపెట్టలేనంత ముచ్చటగా కుదిరింది ఆ పని. అయితే అక్కడ ఇనుము ఎంత పలచబడిందో అరగదీసిన వేళ్లకు తెలుసు. ఆనాటి నుంచి పండగకు పేల్చినా, పంది మీద పేల్చినా, కుడిగొట్టమే పేల్చేవాడు. రెడ్డి కళ్లకు పొర వచ్చి తుపాకి ముట్టడం మానుకున్నాడు కాబట్టి జరిగిపోయింది.

ఈ రోజు ఏజెంటు ముందు రెండు గొట్టాలూ పేల్చి చూపించాలట. కంపెనీ రూలు. అందుకే ఆ సగం తూటా.

గంగాధరం తొమ్మిది గంటల బస్సు దిగి, పంచె దుమ్ము దులుపుకుంటూ వచ్చాడు. నలభై ఏళ్ల శెట్టి, పొట్టిగా గుండ్రంగా ఉంటాడు. చంకలో తోలుసంచి, చేతిలో గొడుగు. రెడ్డి అరుగు మీద పట్టెమంచం వేయించుకుని ఉన్నాడు. అరవై దాటిన భారీ మనిషి. చెడ్డవాడని ఊళ్లో ఎవరూ అనరు. పండక్కి పాతచొక్కా ఇస్తాడు, తాను వేసుకునేటప్పుడు సాయిబుకు కూడా ఆకూవక్కా విసురుతాడు. ఆయన మంచితనం అంతవరకే పారుతుంది.

ఏజెంటు మజ్జిగ తాగి, కాగితం విప్పి, వేలు పెట్టి చూపించాడు.

"మొదటి గడి, మంట, దొంగతనం. రెండో గడి, తుపాకి పగిలినా ఇరిగినా, పనోడి పొరపాటుతో అయినా సరే, కంపెనీ దుడ్లిస్తాది. ఈ రెండూ ఉండనే ఉండాయి. మూడో గడి మీ ఇష్టం రెడ్డీ. ఇదే కిస్తీలో ఒకటి ఊరికే వస్తాది. తుపాకి మోసే మనిషికి దెబ్బ తగిలితే వెయ్యి అన్నా రాయచ్చు, లేదంటే తోలుపెట్టె, దాంట్లో సరంజామా అన్నా రాయచ్చు. రెండిట్లో ఒకటే."

ఫకీర్ సాహెబు స్తంభం పక్కన తుపాకి పట్టుకుని నిలుచున్నాడు.

రెడ్డి ఆలోచించాడు. ఆలోచించలేదని అనడానికి వీల్లేదు. పెట్టె తెమ్మన్నాడు. మూత తెరిచి, లోపలి ఎర్ర ముఖమలు మీద అరచెయ్యి వేసి నిమిరాడు. "ఎలకలు కొరికితే ఇస్తారా శెట్టీ?" అని అడిగాడు.

"ఎలకలకు లేదు. దొంగలకు, మంటకు."

"వియ్యంకుడు ఏం రాయించినాడు?"

"ఆయప్పకు పెట్టె లేదు కదా. అందుకని మనిషినే రాయించినాడు."

అంతే, తేలిపోయింది. రెడ్డి ముఖం విప్పారింది. "అయితే పెట్టే రాయి. పెట్టె ఉండాదని వాళ్లకు తెలియల్ల."

"మరి సాయిబు..." అని ఏజెంటు కలం ఆపాడు, ఏదో మర్యాదకు.

"సాయిబుకు ఇన్సూరెందుకప్పా? పెట్టె పోతే మళ్లా ఇంగ్లీషు సీమ నుంచి రావల్ల. సాయిబు పోతే జమ్మలమడుగు నుంచి వస్తాడు."

ఏజెంటు నవ్వాడు. రెడ్డి పొట్ట కదిలేలా నవ్వాడు. ఫకీర్ సాహెబు కూడా నవ్వాడు, నవ్వకపోతే బాగుండదు కదా. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే, పక్షం రోజులుగా మనసులో కప్పుకున్న కొత్త పైకప్పు కూలినట్టే అయింది. వెయ్యి రూపాయలు ఎలాగూ తనవి కావు, పోయిందేమీ లేదని తనకు తానే చెప్పుకున్నాడు. చెప్పుకున్నా సకీనా ముఖం కళ్ల ముందు నుంచి పోలేదు.

ఏజెంటు మూడో గడిలో "తోలుపెట్టె" అని రాసి, కాగితం మడిచాడు. "ఇంగ రెండు దెబ్బలు పేల్చి చూపించండి. సంతకాలు పెట్టుకుందాం."

ఇంటి వెనక వంక ఉంది. నీళ్లు లేవు, ఎదురుగా నిలువెత్తు మట్టిగట్టు. అక్కడికి నడిచారు. ఫకీర్ సాహెబు తుపాకిని మడతకాడ విరిచి తెరిచి, ముందుగా కుడిగొట్టంలో పెట్టడానికి మామూలు తూటా కోసం ఎడమజేబులో చెయ్యి పెట్టాడు. రెడ్డి అడ్డం వచ్చాడు. పులివెందుల నుంచి తెప్పించిన కొత్త డబ్బా ఆయన చేతిలో ఉంది.

"నీ చేతి తూటాలు వద్దు. ఇయి సీమవి. శెట్టి చూడల్ల."

"పాతయి మేలుగా ఉంటాయయ్యా. గుండ్లు కదలవు..."

"గమ్మునుండు. పట్టు."

ఒకటి ఇచ్చాడు. బరువుగా ఉంది. ఫకీర్ సాహెబు కుడిగొట్టంలో పెట్టి, భుజానికెత్తి, పేల్చాడు. గట్టు నుంచి మట్టి లేచింది. వంకలో కాకులన్నీ లేచి అరిచాయి. తుపాకి విరిచి, ఖాళీ తూటా లాగేశాడు. ఇప్పుడు కుడిజేబులో చెయ్యి పెట్టబోయాడు. చూస్తే రెడ్డి రెండో సీమతూటా చాపి నిలుచున్నాడు. తీసుకోక తప్పలేదు. అలవాటు పడిన చెయ్యి దాన్ని మళ్లీ కుడిగొట్టం వైపే తీసుకుపోయింది.

"అది కాదు సాయిబూ," అన్నాడు ఏజెంటు. అతని పనే అది. "ఆ పక్కది పేల్చల్ల."

చెప్పేయవచ్చు. నోరు తెరిచి, "అయ్యా, ఈ గొట్టం బాగలేదు" అంటే నాలుగు మాటల్లో పోయేది. ఆ నాలుగు మాటల వెనక ఇంకెన్ని చెప్పాలి? రెండేళ్లు దాచానని చెప్పాలి. పరాయి ఊరి శెట్టి ముందు రెడ్డి తల తీసినట్టవుతుంది. రేపే జమ్మలమడుగుకు పోయి లైసెన్సు పుస్తకంలో తన పేరున్న వరస కొట్టేయిస్తాడు. యాభై ఆరేళ్ల వయసులో, తుపాకి మోయడం తప్ప ఇంకో పని చేతకాని వాడిని, ప్రొద్దుటూరు జిన్నింగు మిల్లులో పత్తిమూటలకైనా ఎవరు పిలుస్తారు? ఒక్కసారికి ఆగుతుందేమో. ఆకురాయి తాను అనుకున్నంత లోతుకు పోలేదేమో. అల్లా తలుచుకుంటే ఆగకపోదు.

"ఏంది చూస్తాండావు?" అన్నాడు రెడ్డి.

ఎడమగొట్టంలో తూటా పెట్టి, మూసి, భుజానికెత్తాడు. ఎడమచెయ్యి గొట్టం కింద ఎప్పుడూ ఉండే చోటే ఉంది.

చప్పుడు మొదటిదానిలా లేదు, పగిలినట్టుంది. పొగ తేలిపోయాక చూస్తే ఫకీర్ సాహెబు కూర్చుని ఉన్నాడు. తుపాకి ఒళ్లో ఉంది, గొట్టం అరటిదొప్పలా విచ్చుకుని. ఎడమచేతికి చిటికెనవేలు, దాని పక్కవేలు మాత్రం ఉన్నాయి. గొంతు పక్కన, దవడ కింద, ఇనుపముక్క దిగి నెత్తురు కోటు మీదికి జారుతోంది. కేకైనా వేయలేదు. తుపాకి నేలకు తగలకుండా కుడిచేత్తో ఇంకా పట్టుకునే ఉన్నాడు.

"అయ్యో, తుపాకి!" అన్నాడు రెడ్డి.

మోసుకొచ్చి అరుగు మీద పడుకోబెట్టారు. చేతికి గుడ్డ చుట్టారు, గొంతుకు గుడ్డ అదిమిపెట్టారు. గంగాధరం మూలన కూర్చుని వాంతి చేసుకున్నాడు. అతను ముఖం కడుక్కుని వచ్చేసరికి రెడ్డి తేరుకుని ఉన్నాడు.

"సంతకాలు పొద్దన్నే అయినాయని రాయి శెట్టీ. నువ్వు వచ్చీ రాంగానే."

"అట్ల రాయచ్చు గానీ..." ఏజెంటు కలం మూత తీశాడు. కమీషను గుర్తుకొచ్చిందో, తాను చెప్పి పేల్పించిందని పోలీసులు అడుగుతారనే భయం పుట్టిందో, చెప్పలేం. "గొట్టం పాతది, పనికిరాకుండా ఉండాది అంటే కంపెనీ ఇయ్యదు. పనోడి పొరపాటుంటే ఇస్తాది. గొట్టంలో మట్టి చేరినా పగులుతాది. సాయిబు చూసుకోలేదని రాసి, సాయిబు దగ్గర ఏలిముద్ర తీసుకుంటే..."

"రాయి."

ఏజెంటు రాశాడు. రాసింది మెల్లగా చదివాడు. గొట్టంలో మట్టి ఉన్నది చూసుకోకుండా పేల్చినాను, ఇది నా అజాగ్రత్త వల్ల జరిగింది, తుపాకి ఈ పొద్దటి వరకూ లక్షణంగా ఉన్నది.

మట్టి అనే మాట ఫకీర్ సాహెబు చెవిన పడింది. కళ్లు తెరిచాడు. నలభై ఏళ్లలో ఆ గొట్టాల్లో మట్టి కాదు గదా, ధూళికణం కూడా నిలవనివ్వలేదు. సొట్ట దాచింది నిజమే, సన్నగా అరగదీసిందీ నిజమే, ఆ తప్పులన్నీ తనవే, ఒప్పుకుంటాడు. మట్టి మాత్రం కాదు. కాదని తల అడ్డంగా ఆడించాడు. గొంతు పక్క నెత్తురు మళ్లీ ఊరింది.

రెడ్డి వంగి, చెవి దగ్గరగా అన్నాడు. "ఏలు ముద్ర వెయ్యి ఫకీరూ. నీ పేరు గూడా ఎక్కించినాం. సకీనాకు వెయ్యి వస్తాది."

"మూడో గడిలోనా?"

"మూడో గడిలోనే."

నలభై ఏళ్లుగా కొలిచిన యజమాని ముఖాన్ని ఫకీర్ సాహెబు చాలాసేపు చూశాడు. నమ్మాడు. నమ్మాలనుకున్నవాడికి అదెంత పని! తల ఆడించడం మానేశాడు.

ఏజెంటు సంచిలోంచి సిరాప్యాడు తీసి, మూత తెరిచి, అక్కడే ఆగిపోయాడు. "మగోళ్లకు ఎడమచేతి బొటనేలు రెడ్డీ. రూలు. కుడిది ఆడోళ్లకు."

ముగ్గురూ ఆ చుట్టిన గుడ్డ వైపు చూశారు.

"లేనిదాన్ని యాడ నుంచి తెస్తాం? కుడిదే ఎయ్యించు."

"ఆఫీసులో అడుగుతారు." గంగాధరం కాసేపు గోరు కొరుక్కుని, కాగితం అంచున మరో వాక్యం చేర్చాడు. "ఎడమ బొటనవేలు లేనందున కుడి బొటనవేలి ముద్ర తీసుకోవడమైనది." రాశాక అతనికే బాగుందనిపించినట్టుంది, ఊదుకుని ఆరబెట్టాడు.

ఫకీర్ సాహెబు కుడి బొటనవేలిని ప్యాడు మీద ఆనించి, ఉన్న బలమంతా పెట్టి అదిమాడు. చెరిగిపోతే సకీనాకు ఇవ్వరేమోనని. తర్వాత కాగితం మీద అంతే గట్టిగా నొక్కాడు. ముద్ర గీతలన్నీ తేటగా పడ్డాయి.

ఆ రోజు టపాలో కాగితం పోవాలని రెడ్డి మిలిటరీ వేలంలో కొన్న జీపు తీయించాడు. "సాయిబును గూడా జమ్మలమడుగు ఆసుపత్రి దగ్గర దింపితే..." అన్నాడు గంగాధరం.

"జీపంతా నెత్తురవుతాది. పైగా పండుకోబెట్టల్ల, చోటేది? బండి అయితే మెత్తగా పోతాది." హారను మోగేసరికి ఏజెంటు సంచి చంకన పెట్టుకుని పరుగెత్తాడు.

బండి తోలింది రెడ్డి సేద్యగాడు రహమాన్, సకీనాకు మేనల్లుడు. సకీనాకు కబురు పంపారు గానీ, ఆమె మోకాళ్లు ఈడ్చుకుంటూ వచ్చేలోగా బండి ఊరు దాటింది. గడ్డి మీద గోనెపట్ట పరిచి పడుకోబెట్టారు. పెన్న ఇసుకలో ఎద్దులు మోకాళ్ల లోతు దిగబడుతుంటే వెనకనుంచి జీపు వచ్చి, పక్కగా దాటి, ఇసుక చిమ్ముకుంటూ పోయింది. రహమాన్ తలపాగా విప్పి మామ ముఖం మీద దుమ్ము పడకుండా కప్పాడు.

"రహమానూ," అన్నాడు ఫకీర్ సాహెబు గుడ్డ కింద నుంచి. "నా పేరు ఎక్కిందంట."

"ఎక్కింటాది లే మామా. మాట్లాడగాకు."

"మీ అత్తకు చెప్పు. కప్పు ముందు ఏయించమను. వానలు రాకముందే."

నది నడుమ చెలమ దగ్గర రహమాన్ ఎద్దులను విప్పి నీళ్లు తాపాడు. దోసెడు తెచ్చి మామ నోట్లో పోశాడు. నీళ్లు పెదాల పక్కనుంచి జారి గోనెపట్టలోకి ఇంకిపోయాయి. రహమాన్ ఇంకో దోసెడు తెచ్చాడు, అవీ జారిపోయాయి. అప్పుడు బండి వెనక్కి తిప్పాడు.

నలభై దినాలు వెళ్లాక సకీనా కర్ర పట్టుకుని రెడ్డి ఇంటికి వచ్చింది. అరుగు మీద రెడ్డీ, గంగాధరమూ కూర్చున్నారు. తుపాకి పైకం వచ్చింది. కొత్త తుపాకికి మద్రాసుకు రాశారు, పాత పెట్టెలో పడుతుందా లేదా అని కొలతలు చూసుకుంటున్నారు. మోసేవాడు కూడా జమ్మలమడుగు నుంచి వచ్చి, గడప కింద కూర్చుని ఉన్నాడు. బాషా అట పేరు.

"మూడో గడిలో ఆయప్ప పేరు ఎక్కిందని రహమాన్ చెప్పినాడయ్యా," అంది సకీనా.

గంగాధరం కొలబద్ద వైపు చూస్తూ కూర్చున్నాడు.

"కంపెనీవాళ్లు ఒప్పుకోలేదమ్మా," అన్నాడు రెడ్డి, బాధపడుతూనే. "గొట్టంలో మట్టి చూసుకోలేదని మీవాడే ఏలుముద్ర ఏసిపాయ. తప్పు ఆయప్పదంట. నేనేం చేసేది చెప్పు? పదిశేర్ల జొన్నలు కొలిపిస్తా, తీసుకుపో."

"మట్టా?" అంది సకీనా. అర్థం కానట్టు ఇద్దరి ముఖాలూ చూసింది. "తుపాకి ఇంటికి తెచ్చిననాడు నన్ను పొయ్యి ఊదనిచ్చేటోడు కాదయ్యా. బూడిద పడతాదని. పస్తుండేవాళ్లం."

రెడ్డి కొలబద్ద అందుకుని పెట్టె పొడవు మళ్లీ కొలిచాడు. ఆమె జొన్నలు తీసుకోకుండానే కర్ర తాటించుకుంటూ వెళ్లిపోయింది.

ఆనాడు జీపు ఎక్కే తొందరలో ఏజెంటు మరిచిపోయిన సిరాప్యాడు అరుగు చివర కిటికీగూట్లో పడి ఉంది, మూత తెరిచినది తెరిచినట్టే, సిరా ఎండిపోయి, నట్టనడుమ బొటనవేలంత గుంటతో.